కుసుమ మెట్టెలు

డార్విన్ విమానాశ్రయం పక్కనున్న హ్యాంగర్‌లో బూడిద వాసన, కాలిన మాంసం వాసన కలిసిపోయాయి. సముద్రం అవతలి దీవిలో అగ్నిపర్వతం పేలింది. దాని బిలంలోకి తొంగిచూడాలని టిక్కెట్లు కొనుక్కుని మరీ వెళ్ళినవాళ్ళను రెస్క్యూ విమానం ఇక్కడికి మోసుకొస్తోంది. పెర్త్ నుంచి వచ్చిన పారామెడిక్ సృజన ఆ విమానంలోనే దీవికి వెళ్ళి వచ్చింది. ఆమె గ్లౌజులకు ఎవరి చర్మమో అంటుకుని ఉంది. మార్చుకునే తీరిక ఇప్పుడే దొరికింది.

ఆమె ముందు స్ట్రెచర్ మీద పెర్త్ శివారు హారిస్‌డేల్‌కు చెందిన కుసుమ. కాళ్ళు మోకాళ్ళ దాకా ఉడికిపోయాయి. ఆవిడ భర్త సుబ్బరాజు ఆ దీవి ఒడ్డునే, సృజన చేతుల్లోనే, నల్లటి బురద కక్కుకుంటూ ప్రాణం వదిలాడు. విమానంలో కుసుమ "మా ఆయనేరీ?" అని అడిగితే సృజన నోట అలవాటుగా వచ్చేసింది.

"బానే ఉన్నారాంటీ. వెనకాల ఫ్లైట్‌లో తెస్తున్నారు."

చావు కబురు మొహం మీద చెప్పడం మనకు చేతకాదు. మనిషి పోయినా సరే, సీరియస్‌గా ఉంది, బయల్దేరి రండి అంటాం. ఇల్లు చేరాక వాకిట్లో జనాన్ని చూసి వాళ్ళే తెలుసుకోవాలి. సృజనకు ఉద్యోగంలో ఇచ్చిన శిక్షణంతా ఆ క్షణాన గాలికి పోయింది. ఇప్పుడు ఆ మాటే మెడకు చుట్టుకుంది.

బూట్లు కోసి తీసేసరికి కుసుమ పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. రెండు కాళ్ళ వెండి మెట్టెలూ మాంసంలోకి దిగబడ్డాయి. ఆ వేళ్ళు నల్లబడుతున్నాయి. డాక్టర్ హీథర్ వచ్చి చూసి, మెట్టెలు వెంటనే కోసెయ్యకపోతే వేళ్ళు దక్కవంది. బీపీ పడిపోయింది కాబట్టి మత్తు ఇవ్వడానికీ లేదంది.

ఉంగరాలు కోసే కట్టర్ సృజన చేతిలో చూడగానే కుసుమ ఒక్క తన్ను తన్నింది. కట్టర్ ఎగిరి వెళ్ళి గోడకు కొట్టుకుంది.

"మెట్టెల జోలికొచ్చావంటే చంపేస్తాను! ఆయన బతికుండగా తీస్తావా? నీకు తల్లి లేదా?"

"వేళ్ళు పోతాయాంటీ. తర్వాత కొత్తవి పెట్టుకుందురు గాని."

"పోతే పోనీ! వేళ్ళు లేకపోతే కుంటుకుంటూ తిరుగుతాను. ఆయనకేమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా?"

ఇద్దరు నర్సులు ఆవిడ భుజాలు అదిమిపట్టారు. సృజన మడమ పట్టుకుంది. కుసుమ విదిలించుకుంది. మడమ మీది చర్మం మేజోడులా ఊడి సృజన చేతిలోకి వచ్చేసింది. ఆ అరుపుకు హ్యాంగర్ అంతా ఒక్కసారి ఇటు తిరిగింది. కుసుమ తల పైకెత్తి, భుజం పట్టుకున్న నర్సు మణికట్టును అందినట్టే కొరికింది. పళ్ళు గ్లౌజు దాటి దిగాయి.

"వదిలెయ్యండి" అంది సృజన నర్సులతో. ఇలా లాగితే కాళ్ళే మిగలవు. నిజం చెబితే ఈవిడ ప్రాణం ఇక్కడే పోతుందేమోనని భయం వేసింది. ఒళ్ళు మండిపోయింది కూడా, ఆ కొండ మీద, టిక్కెట్లు అమ్మినవాడి మీద, అందరికన్నా ఎక్కువగా తన నోటి మీద.

కుసుమ మొహం దగ్గరికి వంగింది.

"ఆంటీ, నేను అబద్ధం చెప్పాను. అంకుల్ పోయారు. ఒడ్డునే పోయారు. వెనకాల ఫ్లైట్‌లో రావట్లేదు."

చెంప ఛెళ్ళుమంది. సృజన తప్పుకోలేదు. కుసుమ మళ్ళీ కొట్టింది. మూడోసారి చెయ్యి సగం లేచి స్ట్రెచర్ మీద పడిపోయింది.

ఆ తరువాత పెనుగులాట లేదు. సృజన కట్టర్ వెతికి తెచ్చి, శుభ్రం చేసి, మొదటి మెట్టెను కోసింది. అది మాంసాన్ని కూడా కాస్త లాక్కుంటూ ఊడివచ్చింది.

"నువ్వే ఉన్నావా దగ్గర?" అంది కుసుమ పైకప్పును చూస్తూ.

"నేనే ఉన్నానాంటీ."

"నోట్లో నీళ్ళు పోశావా?"

పోశానంటే సరిపోతుంది. ఏ తెలుగింట్లో అయినా ఆ మాటే చెబుతారు. సృజన నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అడిగారాంటీ. సీసా మూత తీసేలోపే పోయారు."

కుసుమకు ఒళ్ళంతా కుదిపేస్తూ ఏడుపు పొంగుకొచ్చింది. ఆ ఏడుపులోనే రెండో కాలు తనే ఎత్తి సృజన ఒళ్ళో పెట్టింది.