చెరిపేసిన ముప్పైరెండు

"ఎనిమిదైదులు నలభై. రాసెయ్," అంది రాగిణి, పెనం మీద దోసె తిరగేస్తూ.

వంటింటి బల్ల దగ్గర సమాంతర చతుర్భుజం వైశాల్యం లెక్క చేస్తున్న హంసిక పెన్సిల్ ఆపింది. "మామ్, నాకు థర్టీటూ వచ్చింది."

"చెప్తున్నాగా, ఫార్టీ!" తాలింపు మాడుతోంది. పై గదిలో ఆన్‌లైన్ మీటింగులో ఉన్న భర్త దివాకర్ 'కాఫీ?' అని రెండోసారి మెసేజ్ పెట్టాడు. హంసిక ముప్పైరెండు చెరిపి నలభై వేసింది.

శనివారం మధ్యాహ్నం దివాకర్ ఫ్రెండ్ రాజీవ్ వాళ్ళు భోజనానికొచ్చారు. టీచరు ఎర్ర గీత కొట్టిన ఆ హోంవర్క్ కాగితాన్ని దివాకర్ అందరికీ చూపించాడు. "మా ఆవిడ ఎమ్మెస్సీ మ్యాథ్స్ బాబూ! ఒంగోల్లో లెక్చరర్. ఇక్కడ అమెరికాలో ఆరో క్లాసు తప్పింది."

"హెచ్‌ఫోర్ వీసా మీద ఉద్యోగమే కాదు, లెక్కలు కరెక్టుగా చెప్పినా ఇల్లీగలేమో, వదినా!" అన్నాడు రాజీవ్.

బల్లంతా నవ్వింది. పప్పు గిన్నె పట్టుకుని రాగిణీ నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక, గిన్నెలు తుడుస్తూ హంసిక అడిగింది. "నువ్వెందుకు నవ్వావ్, మామ్? అది ఫన్నీగా లేదు."

రాగిణి చేతిలోని గిన్నెని సింకులో పెట్టింది. 'ఎత్తంటే నిటారు గీతర్రా, పక్కనున్న వాలు గీత కాదు' అని ఆరేళ్ళు క్లాసులో గొంతు చించుకున్న మనిషి, పొయ్యి దగ్గర్నుంచి ఒక్క చూపు చూసి ఐదున్న ఆ వాలు గీతనే ఎత్తనుకుంది. సిగ్గు దానిక్కాదు. పొరపాటు ఎవరికైనా వస్తుంది. పిల్ల సరిగ్గా చేసిన లెక్కని తనకి తీరిక లేక చెరిపించింది. పైగా, ఎవరైనా తక్కువ చేస్తే ఎలా నవ్వెయ్యాలో కూడా చూపించింది. 'మగాడు నలుగురిలో ఓ మాటంటాడు, నవ్వేస్తే సరి' అని అత్తగారు పెళ్ళైన కొత్తలో చెప్పింది. ఇన్నాళ్ళూ అలా నవ్వెయ్యడాన్ని ఓర్పే అనుకుంది. ముఖం సింకు వైపు తిప్పుకుంది.

సోమవారం హంసిక లెక్కల పుస్తకం తెరవగానే రాగిణి స్టవ్ ఆపేసింది. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్టని లెక్కలోని సమాంతర చతుర్భుజం ఆకారంలోనే కత్తిరించింది. ఒక చివర నిటారుగా కోసి, ఆ త్రిభుజాన్ని రెండో చివర అతికించింది. దీర్ఘచతురస్రమైంది. పొడవు ఎనిమిది, ఎత్తు నాలుగు, వైశాల్యం ముప్పైరెండు.

"నువ్వు రాసిందే రైటు. నేను చూడకుండా చెప్పాను. ఇంకెప్పుడూ, నేను చెప్పినా సరే, నీకు తెలిసింది చెరపకు."

పైనుంచి కేక వినిపించింది. "రాగిణీ, కాఫీ!"

"పొడి స్టవ్ పక్కనే ఉంది," అంది రాగిణి, కుర్చీలోంచి లేవకుండా.

హంసిక అట్టముక్క మీద వేలితో గీతలు కొలుస్తూ, తలెత్తకుండా అడిగింది. "డాడీ మళ్ళీ అందరి ముందూ నవ్వితే?"

"నేను నవ్వను."