గొట్టం వెనక మనిషి

వైశాఖమాసం. పొద్దు పొడవకముందే నేల సెగలు కక్కుతోంది. అయినా చెన్నమ్మ పొయ్యి రాజేసి మొగుడికి వేడినీళ్ళు కాస్తోంది, అతను కుడిచెయ్యి ముంచుకోవడానికి. ఆ చేతికి చిటికెన వేలూ, ఉంగరం వేలూ లేవు. మిగిలిన మూడూ తెల్లారేసరికి పుల్లల్లా బిగుసుకుపోతాయి. మాచర్ల ఎండకి కాకులు నీడ వెతుక్కునే రోజుల్లో కూడా బ్రహ్మయ్య చేతిలో చలి పోలేదు.

"నీళ్ళు చల్లారకముందే తీసకపోవే" అంది అత్త పోలమ్మ కుక్కిమంచం మీంచి. "మంచుకొండల్లో మంటలార్పొచ్చినోడు నా బిడ్డ. నీకేంది, నాలుగేళ్ళూ ఇంటిపట్టున ఉన్నావు."

ఇంటిపట్టున. చెన్నమ్మకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి. పెద్దయుద్ధం రోజుల్లో, నలభై రెండులో, బ్రహ్మయ్య నరసరావుపేట వెళ్ళి పట్టాళంలో చేరాడు. నాపరాళ్ళు ఎత్తిన భుజాలు చూసి అతన్ని మంటలార్పే కంపెనీలో వేశారు. పర్షియా దేశంలో ఎక్కడో మంచుకొండల నడుమ పెట్రోలు పీపాల డిపోకి పంపారు. వెళ్ళిన నెలకే ఆమె క్వారీలో తట్ట నెత్తికెత్తుకుంది. మగవాళ్ళు ఒక్కొక్కరే పట్టాళంలోకి పోతూంటే, గత్యంతరం లేక మేస్త్రీ వెంకట్రామయ్య ఆమె చేతికి ఉలి ఇచ్చాడు. ఆడదాని చేతికి ఉలా అని నవ్వినవాళ్ళే, రెండేళ్ళు తిరిగేసరికి పొర ఎక్కడ విడుతుందో ఆమెనే అడిగేవారు. అరచెయ్యి ఆనించి, సుత్తితో చిన్నగా తట్టి, ఆ చప్పుడు విని చెప్పేది. తెల్లవారుజామున వంట, బావినించి నీళ్ళు, పగలంతా రాయి, పొద్దుగూకాక అత్త దగ్గుకి కషాయం. కనురెప్పల మీద రాతిదుమ్ముతోనే నిద్రపోయేది. ఇంటిపట్టున ఉన్నదంటే ఆ నిద్రలోనే.

అతని ఉత్తరాలు పోస్టాఫీసు దగ్గర అలీ సాహెబ్ చదివి పెట్టేవాడు. "ఇక్కడ నీళ్ళు మేమే మోసుకోవాలి, అన్నం మేమే వండుకోవాలి, బట్టలు మేమే ఉతుక్కోవాలి. చానా కష్టంగా ఉన్నది" అని రాశాడు ఒకసారి. చదివి అలీ సాహెబ్ కళ్ళజోడు తీసి "పాపం" అన్నాడు. ఆమె కూడా పాపం అనుకుని, పక్కనే పెట్టిన నీళ్ళబిందె చంకనెత్తుకుని ఇంటికొచ్చింది.

నలభై ఆరులో అతను రైలు దిగాడు. మేస్త్రీ ఎదురెళ్ళి కౌగిలించుకుని, ఉలి మళ్ళీ అతనికిచ్చి, ఆమెని తట్ట మోయమన్నాడు. మొదటిరోజే ఉలి జారి నిలువెత్తు బండ రెండు ముక్కలైంది. రెండోరోజు ఇంకోటి. మూడోరోజు ఆమె అతని చేతిలోంచి ఉలి తీసుకుని పనికి దిగింది. మేస్త్రీ చూశాడు, చూడనట్టు పోయాడు. అతనికి కావలసింది రాయి. పొద్దున్నే వచ్చి, కూలి లెక్కకి, ఆమె కొట్టిన బండ మీద ఎర్రజాజుతో 'బ్ర' అని రాసేవాడు. తట్టలు మోసే పని కూడా ఆమెదే. "చెయ్యి పోయినా బ్రహ్మయ్య పని పోలేదు" అనుకునేవారు జనం. బ్రహ్మయ్య చుట్ట వెలిగించుకుని నీడలో కూర్చునేవాడు. "ఎవరి పేరైతేనేందే, పొయ్యిమీదికెక్కేది ఒకటే కుండ" అంది అత్త. అదీ నిజమేననుకుంది చెన్నమ్మ. చాలా రోజులు అలాగే అనుకుంది.

సాయంత్రాలు అరుగు మీద అతని కథ. చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చేవారు. లోపల వడ్లు దంచుతూ ఆమె వినేది. "ఉమ్మేస్తే నేల మీద రాయై పడేది. దగ్గర ఊరికి లారీలో రెండు రోజులు. మంచు పడితే నెలకి కూడా లారీ లేదు. చెరువు మీద గడ్డ పగలగొట్టి పంపు దించేవాళ్ళం. నీళ్ళు క్షణం ఆగితే గొట్టం దుంగైపోయేది. అందుకని పంపు కింద నిప్పు పెట్టేవాళ్ళం. మంటార్పే మిషనుకి మంట. మేం కొట్టిన నీళ్ళు మా మీదే పడి గడ్డకట్టేయి. కోటు విప్పితే అది మనిషల్లే నిలబడేది." తరవాత పెద్ద మంట కథ. పీపాలు పేలుతున్నాయి. చేతితొడుగు తడిసి చిరిగిపోయింది. గొట్టం ఇత్తడి మూతికి చెయ్యి అతుక్కుపోయింది. అయినా మూడు గంటలు వదల్లేదు.

"ఒక్కడివేనా మామా?" అని అడిగేవారు ఎవరో ఒకరు.

"ఒక్కణ్ణే."

అందరూ ఆ చేతి వంక చూసేవారు. ఆమె కూడా ఆ చేతిని చూసి జాలిపడేది. వేళ్ళు పోయిన మాట నిజం కదా.

ఆరోజు మధ్యాహ్నం క్వారీలో తలుపంత బండ ఒకటి లేపుతోంది చెన్నమ్మ. ఒకవైపు ఉలి దించి, ఇంకోవైపు గునపానికి భుజం ఆనించి పట్టింది. చీలిక లేకుండా పొర మొత్తం ఒక్కసారిగా విడింది. వెనకనుంచి బ్రహ్మయ్య అన్నాడు.

"నూర్ మొహమ్మద్ కూడా ఇట్టనే ఆనేవాడు."

"ఎవరు?"

అతను చుట్ట నేలకి రుద్ది ఆర్పాడు. తరవాత నేల చూస్తూ చెప్పాడు. "నీళ్ళ తోపుకి గొట్టం పాములెక్క లేస్తది. వెనకొకడు భుజం ఆనాల. లేకపోతే ముందున్నోణ్ణి ఎత్తి కొడతది. ఆ మూడు గంటలూ వాడు నా ఎనకే ఉన్నాడు. నాకు ముందర మంట సెగన్నా తగిలింది. వాడికి అదీ లేదు. పైనించి నీళ్ళు, ఎనకనించి గాలి. మంట ఆరినాక తిరిగి చూస్తే మోకాళ్ళ మీద కూలబడున్నాడు. గొట్టం మాత్రం వదల్లా."

"బతికాడా?"

"నాలుగు రోజులు."

చెన్నమ్మ ఉలి కింద పెట్టింది.

"మా తెల్లదొర మెప్పు కాయితం రాశాడు. ముందు నిలబడ్డోడి పేరే రాశాడు. చెబుదామనుకున్నా. రేపు చెబుదామనుకున్నా. ఆనక నోరు రాలా."

"మరి అరుగు మీద ఎందుకు చెప్పవు?"

"అది చెబితే నాకేం మిగుల్తది?" అన్నాడు బ్రహ్మయ్య.

ఆ సాయంత్రం మళ్ళీ జనం వచ్చారు. మళ్ళీ పీపాలు పేలాయి, మళ్ళీ చెయ్యి అతుక్కుపోయింది. "ఒక్కణ్ణే" అన్నాడు. లోపల చెన్నమ్మ చేతిలో రోకలి ఆగింది. గొంతు తడబడుతుందేమోనని విన్నది. లేదు. అతను అబద్ధం చెప్పడం లేదు. చెప్పీ చెప్పీ అదే నిజమైపోయింది అతనికి. ఎక్కడో ఒక ఊళ్ళో నూర్ మొహమ్మద్ పెళ్ళాం, నా మొగుడు ఏం చేస్తూ చచ్చిపోయాడని ఇంకా అడుగుతూనే ఉండుంటుంది. చెప్పేవాళ్ళు లేరు. ఇంకో ఏడాది పోతే బండలు కూడా తనే కొట్టాననుకుంటాడు బ్రహ్మయ్య. జనం ఇప్పటికే అనుకుంటున్నారు. ఇంకో రెండేళ్ళు పోతే, ఈ అలసట ఇలాగే ఉంటే, నేనూ అదే అనుకుంటాను. భయం వేసింది ఆమెకి. నాలుగేళ్ళ ఒంటరితనంలో వెయ్యని భయం.

మర్నాడు పొద్దున మేస్త్రీ జాజు డబ్బా పట్టుకుని వచ్చాడు. తలుపంత బండ చుట్టూ తిరిగి అంచులు తడిమాడు.

"అబ్బో, ఏం లేచిందిరా బ్రహ్మయ్యా" అని కుంచె ముంచాడు.

"ఆగు మేస్త్రీ" అంది చెన్నమ్మ. "అది నేను కొట్టిన బండ."

మేస్త్రీ నవ్వి బ్రహ్మయ్య వంక చూశాడు. "ఏందిరా, నీ పెళ్ళాం ఇట్టంటది?"

"ఎవరిదైతే ఏందిలే మేస్త్రీ, రాసుకో" అన్నాడు బ్రహ్మయ్య, తలెత్తకుండా.

"ఎవరిదైనా ఒకటేనంటే నాదనే రాయమను."

తట్టల ఆడవాళ్ళు నలుగురు ఆగిపోయారు. చెన్నమ్మ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. వెళ్ళి ఆ బండ మీద కూర్చుని, కాళ్ళు చాపుకుంది. పట్టపగలు క్వారీలో ఊరికే కూర్చోవడం ఆమెకి అదే మొదలు. మొగుడి మొహంలోకి చూసింది. నూర్ మొహమ్మద్ సంగతి అందరిలో ఎత్తుతుందేమోనని అతని కళ్ళు బెదురుతున్నాయి. ఆమె ఎత్తలేదు. ఆ చావు గురించి చెప్పాల్సింది అతను. ఈ రాయి గురించి చెప్పాల్సింది తను.

"నీ పేరు రాస్తే మొగుడి పరువేం గాను?" అన్నాడు మేస్త్రీ.

ఆమె బండ మీంచి కదల్లేదు. పొద్దు ఎక్కుతోంది. కుంచె మీద జాజు ఎండిపోతోంది.

"ఆమె పేరే రాయి మేస్త్రీ" అన్నాడు బ్రహ్మయ్య చివరికి, ఎవరికీ సరిగ్గా వినపడకుండా.

"ఇంత పొద్దెక్కింది. లెగమ్మా. ఇంక ఈ పూట పనెవరు చేస్తారు?" అన్నాడు మేస్త్రీ.

"పేరు రాయి" అంది చెన్నమ్మ. "నేనే చేస్తా."