కన్నీళ్ళలో నూనె

"మళ్ళీ ఏడిసేవేటి?"

చేపల పులుసులో చింతపండు రసం పోస్తుంటే వెనకనుంచి మా ఆయన ఎల్లాజీ అన్నమాట ఇది. నేను ఏడవలేదు. పొయ్యి సెగ మొహానికి కొట్టింది, కళ్ళు భగ్గుమన్నాయి, నీళ్ళు కారాయి. అంతే. పెళ్ళైన కొత్తల్లోనే మొదలైంది ఈ బాధ. ముక్కూ బుగ్గలూ కందిపోయి ఉంటాయి, రెప్పలు వాచి ఉంటాయి, కళ్ళలో ఎవరో ఇసుక పోసినట్టు గరగర. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ, "ఏడిసేవంటే ఏడిసేనను, కళ్ళమీద ఎట్టుకుంటావెందుకు? ఇంట్లో ఆడది ఎప్పుడూ అలగ మొహం మాడ్సుకునుంటే ఇల్లు కలిసొస్తాదేటి?" అని గిన్నె మూత తీసి చూసేవాడు, ముక్కలు ఎన్ని ఉన్నాయోనని.

ఆఫీసులో ఇంకో బాగోతం. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో పింఛన్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని నాది. పొద్దస్తమానం తెర చూస్తే మధ్యాహ్నానికి అక్షరాలు అలుక్కుపోయేవి. మా పై అధికారి నరసింగరావుగారు అందరిముందూ, "అమ్మా కుసుమకుమారీ, వచ్చినవాళ్ళు చూస్తే మేమే నిన్ను ఏడిపిస్తున్నామనుకుంటారు. మొహం కడుక్కుని వచ్చి కూర్చో" అనేవారు. ఎర్రటి కళ్ళు, ఎర్రటి బుగ్గలు చూసి నేను మందు కొడతానేమోనని కూడా అనుకున్నారట. ఆ సంగతి విన్నరోజు నాకు కోపం కూడా రాలేదు, వెళ్ళి మళ్ళీ మొహం కడుక్కుని వచ్చాను.

మా అత్త బుల్లమ్మ మాత్రం నన్ను ఏమీ అనలేదు. నిజానికి ఆ ఇంట్లో నా కళ్ళని జబ్బుగా చూసిన మనిషి ఆవిడొక్కతే. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్ముకొచ్చే మనిషి. ఒకరోజు బుట్ట దింపి, "ఒలే కుసుమా, నీ కోసం అరసవల్లి సూరీడు దేవుడికి మొక్కేసినాను. కళ్ళిచ్చినోడు ఆయనే. ఆదివారం ఆదివారం మిట్టమద్దినేళ ఎండలో నిలబడి, ముసుగు తీసి ఆయన్ని సూడాల. కళ్ళలో మంట ఆయనే లాగేసుకుంటాడు" అంది. మొక్కింది ఆవిడ, నిలబడాల్సింది నేను. అయినా ప్రేమగా చెప్పిన మాట కదా, కాదనలేకపోయాను. మిట్టమధ్యాహ్నం గుడి బయట నిలబడితే బుగ్గలు కాలిపోయేవి. ఇంటికొచ్చాక రెప్పలు విడేవి కావు. "సూసేవా, మంట పైకి లాగతన్నాడు" అనేది అత్త సంబరంగా.

చివరికి ఒకరోజు తెరమీద ఒక ముసలామె పేరు తప్పు కొట్టి, ఆవిడ పింఛను ఆగిపోయేలా చేశాను. నరసింగరావుగారు, "కళ్ళు కనబడకపోతే మానేసి ఇంట్లో కూర్చో" అన్నారు. ఆ రోజు భయం వేసింది. నాకున్నదే ఆ ఉద్యోగం, ఆ ఉద్యోగానికి ఉన్నవే ఈ కళ్ళు. విశాఖపట్నంలో పెద్ద కంటి డాక్టరుకి చూపించుకుంటాను, తోడు రమ్మంటే ఎల్లాజీ, "కళ్ళకి తోడేటి? కాళ్ళు బాగానే ఉన్నాయి కదా, ఎల్లిరా" అన్నాడు. వెళ్ళాను, ఒక్కదాన్నే.

డాక్టరు పేరు అనూరాధ. కంట్లో మత్తుచుక్క వేసి, కింది రెప్పలో సన్నని కాగితం ముక్క తగిలించి కళ్ళు మూసుకోమంది. కాసేపటికి తీసి నా ముందు పెట్టింది. కాగితం అంచు మాత్రం కాస్త తడిసింది. మిగతాదంతా పొడిగా, కొత్తగా ఉంది.

"మీ కళ్ళలో కన్నీళ్ళు చాలడంలేదమ్మా" అంది.

నాకు అర్థం కాలేదు. "లేదండీ, పొద్దస్తమానం కారుతూనే ఉంటాయి" అన్నాను.

"అది మంటకి కారే నీరు. కంటిని కాపాడే కన్నీరు వేరు. రెప్పల అంచున నూనె ఊరే సన్నటి గ్రంథులుంటాయి. మీవి మూసుకుపోయాయి. నూనె లేని కన్నీరు ఇట్టే ఆరిపోతుంది, కన్ను మండుతుంది, మండగానే బొటబొటా కారుతుంది. మొహం మీద ఎరుపు, కంటి జబ్బు రెండూ ఒకటే. రొజేషియా అంటారు. నల్లగుడ్డు మీద అప్పుడే మచ్చలు మొదలయ్యాయి. ఇంకా ఆలస్యం చేస్తే చూపు పోతుంది."

ఇన్నేళ్ళూ నన్ను ఏడుపుగొట్టుదాన్ని చేసింది కన్నీళ్ళు లేకపోవడమా! నవ్వాలో, గోడకేసి తల కొట్టుకోవాలో తెలియలేదు. ఆ అయోమయంలోనే ఆవిడ చెబుతున్నది వింటున్నాను. వెలుగుతో వైద్యం చేస్తారట. నెలకోసారి, నాలుగైదు విడతలు. ఎండలోకి వెళ్ళకూడదు, పొయ్యి సెగ తగలకూడదు, కారాలూ పొగలుకక్కే టీలూ తగ్గించాలి. ఎండ అనగానే అరసవల్లి మొక్కు సంగతి చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. "దండం నీడలో పెట్టుకోండమ్మా. ఈ జబ్బుకి ఎండే నిప్పు" అంది. ఆ తర్వాత, "చేపలు తినాలి. కానాగంతలు, కవళ్ళు, నూనె ఉన్న చేపలు. మీది చేపల వ్యాపారం అన్నారుగా, మీకు చెప్పక్కర్లేదు. రోజూ తింటారు కదా?" అని అడిగింది.

"తింటామండీ" అనేశాను.

అని, ఆగిపోయాను. కడుగుతాను, పొలుసు గీస్తాను, ఉప్పూ పసుపూ పట్టిస్తాను, పులుసు పెడతాను, వడ్డిస్తాను. తినడం? ఒక్క చేపముక్క రుచి గుర్తు తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా నాలుక మీదికి పులుసే వస్తోంది. మా ఇళ్ళలో ముక్కలు మగవాళ్ళవి. సముద్రం మీదికి వెళ్ళి వచ్చేవాళ్ళకి బలం కావాలని ఎప్పుడో పెట్టుకున్న పద్ధతి. మా ఆయన సముద్రం మీదికి వెళ్ళింది ఎప్పుడు? ఐసు ఫ్యాక్టరీలో కుర్చీలో కూర్చుంటాడు. అయినా ముక్కలన్నీ ఆయన కంచంలోకే. గిన్నె అడుగున నేను గరిటె తిప్పుతుంటే, "ముక్కలయిపోతే ఏటి, పులుసుంది కదా, పోసుకో" అనేవాడు. నేనూ పోసుకున్నాను. చేపల మధ్య బతుకుతూ చేపనూనె లేక కళ్ళు ఎండబెట్టుకున్నానా!

మొదటి విడత ఆ రోజే చేశారు. కళ్ళకి మూతలు పెట్టి, బుగ్గల మీద చల్లటి జెల్ రాసి, "మీ ఒంటి రంగుకి తగ్గట్టు తక్కువలోనే పెడతాను" అంది డాక్టరు. మూతల వెనకాల కూడా ఎర్రగా మెరిసింది. రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు చురుక్కు చురుక్కుమంది. తర్వాత రెప్పల అంచులు నొక్కితే గడ్డకట్టిన నెయ్యిలాంటిది బయటికొచ్చింది. అది నా కన్నీళ్ళలో కలవాల్సిన నూనె.

ఇంటికొచ్చి చెబితే ఎల్లాజీ అడిగిన మొదటి మాట, "పొయ్యికాడికి ఎల్లొద్దంటే మరి వంట?" అత్తకి మాత్రం నమ్మకం కుదరలేదు. "ఎండొద్దని సెప్పి మళ్ళీ లైటు కొడతాదా? ఇదెక్కడి డాట్రమ్మ!" అంది. అయినా ఆదివారం గుడికి తనే వెళ్ళి, నా బదులు మొక్కు చెల్లించి వచ్చింది. సెగ బయటికి పోయేలా గ్యాస్ పొయ్యిని కిటికీ పక్కకి జరిపింది కూడా ఆవిడే.

రెండో విడత అయ్యాక ఒక మధ్యాహ్నం అత్త బుట్టలో కానాగంతలు మిగిలాయి. పులుసు తనే పెట్టింది. దింపగానే నేను రెండు కంచాలు తీశాను. ఒక కంచంలో రెండు ముక్కలు, రెండో కంచంలో రెండు ముక్కలు వేశాను.

"అబ్బాయి ఇంకా రాలేదు కదే" అంది అత్త.

"ఇవి మనకి అత్తా. డాక్టరు చెప్పింది నాకే, కానీ నిన్నొకటి అడగనా? నువ్వు ముక్క తిని ఎన్నాళ్ళయింది?"

అత్త నవ్వబోయింది. నవ్వు రాలేదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఆలోచించింది. "నానా? నా పెళ్ళికి ముందు మాయమ్మ ఎట్టింది. కవళ్ళ ఏపుడు. ఆ తర్వాత..." అని గిన్నెలోకి చూసింది. "ఓలమ్మో! ఊరందరికీ అమ్మినాను కదే కుసుమా!"

ఆవిడ కింద చతికిలబడింది. నేను కంచం ఆవిడ ఒళ్ళో పెట్టాను. ముల్లు తీయడం కూడా మరిచిపోయిన మనిషిలా అటూ ఇటూ తడిమి, చిన్న ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. ఆవిడ నమలడం చూస్తుంటే నాకు దుఃఖం ముంచుకొచ్చింది. కళ్ళనుంచి నీళ్ళు జారి మెడదాకా వచ్చాయి. మంట లేదు, గరగర లేదు. ఏడుపు ఇంత హాయిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

అప్పుడే ఎల్లాజీ గుమ్మంలోకి వచ్చాడు. గిన్నె మూత తీసి చూశాడు, మా కంచాలకేసి చూశాడు, నా మొహంకేసి చూశాడు.

"మళ్ళీ ఏడిసేవేటి?"

"అవును మావా, ఈసారి నిజంగానే ఏడిసేను" అన్నాను, రెండో ముక్కలో ముల్లు తీసుకుంటూ. "పులుసుంది కదా, పోసుకో."