గుడ్ ఫ్రైడే పాటకి స్కేలు

మా ఆడపడుచు షీబాకి థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక గొంతు బొంగురుపోయింది. పాతపట్నంలో మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ పాట ఎత్తుకునేది ఎప్పుడూ తనే. ఈసారి ప్రాక్టీసులో రెండో చరణం పైకి వెళ్లేసరికి గొంతు తెగింది. మా అక్క కొడుకు విక్టర్ కీబోర్డు ఆపాడు.

“షీబత్తా, కొంచెం అడ్జస్ట్ అయిపో. క్వయర్లోనే నిలబడి నోరు కదుపు, సాలు. పాట పిన్ని ఎత్తుకుంటాది.”

పిన్ని అంటే నేనే. షీబా సరేనంది. ఇంటికొచ్చాక గుమ్మంలో చెప్పులు విడుస్తూ, ఈస్టర్ అయ్యాక క్వయర్ మానేస్తానంది. నాకు విక్టర్ మీద ఒళ్లు మండింది. దానికి పాట తప్ప వేరే సరదా ఏముంది?

వాడన్న ‘అడ్జస్ట్’ మాట మాత్రం నా బుర్రలో దూరి కూర్చుంది. శ్రీకాకుళం బస్సులో ముగ్గురి సీట్లో నలుగురం ఇరుక్కుంటే, అడ్జస్ట్ అవమనేది కాళ్లు బారజాపుకున్నవాడే. పెళ్లి భోజనాల్లో కూర అయిపోతే అడ్జస్ట్ అయ్యేది చివరి బంతిలో ఆడవాళ్లే. ఎంత ఆలోచించినా, ఆ మాట అన్నవాడు తను జరగడం నేనెక్కడా చూడలేదు. ఇదేం వింతో!

మర్నాడు విక్టర్ దగ్గర కూర్చుని, కీబోర్డు మీద ఒక్కో బటనూ ఎందుకని అడగడం మొదలుపెట్టాను. వాడు విసుక్కుంటూనే చెప్పాడు. ఇది తబలాకి, ఇది వయొలిన్‌కి, ఇదేమో స్కేలు, అంటే పాట శ్రుతి, తగ్గించడానికి, ఎవరి గొంతైనా అందకపోతే.

“మరి నొక్కనేదేటిరా?”

“తగ్గిస్తే అందరూ అడ్జస్ట్ అవ్వాల కదా పిన్నీ.”

“ఒక్కదాన్ని అవ్వమనడానికి నోరొచ్చింది. అందరికీ సెప్పడానికి రానేదేటి?”



గుడ్ ఫ్రైడే నాడు విక్టర్ ఆ స్కేలు బటన్ నొక్కాడు. షీబా ఎత్తుకుంది. బొంగురు గొంతే, కానీ తెగలేదు. వెనక బెంచీల్లో మగవాళ్లు నూతిలోంచి పాడినట్టు పాడారు. అయినా అందరూ పాడారు. చిక్కల్లా నాకే వచ్చింది. నాది కీచు గొంతు, అంత కిందికి దిగదు. మొదటి చరణంలోనే మూగనోము పట్టి పెదాలు కదిపాను.

ఆరాధన అయ్యాక షీబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దాని కళ్లు తడిగా ఉన్నాయి.

“వదినా, పాటంతా నీ నోరు కదిలింది గానీ, గొంతు ఇనపడనేదేటి?”

“ఈ ఏడు నా వంతేలే షీబా,” అన్నాను.