మూడు మాత్రల వెలితి

తేరు మొదటి మలుపులో ఆగగానే తేన్మొళి డోలు పట్టీ సర్దుకుంది. ఆ మేళంలో ఆడపిల్ల భుజాన డోలు వేలాడడం అదే మొదలు. పెదనాన్న శింగారవేలు నాదస్వరం పక్కకు తీసి, "కానీ" అన్నట్టు తలాడించాడు. పక్కనే తాత కలియపెరుమాళ్ తాళాలు పట్టుకొని నిలబడ్డాడు.

రూపక తాళం. నాలుగు ఆవర్తనాలకు, అంటే నాలుగు చుట్లకు, నలభై ఎనిమిది మాత్రలు. ముక్తాయింపుకు తాత నేర్పిన లెక్క ఒకటుంది: పద్నాలుగు మాత్రల జతిని మూడుసార్లు వాయించి, మధ్యలో మూడేసి మాత్రలు ఆగాలి. దానితో ఆమెకు తృప్తి కలగలేదు. పప్పు రుబ్బుతూ, జడ అల్లుకుంటూ నలభై ఎనిమిదిని వారం రోజులు రకరకాలుగా విడగొట్టి చూసింది. చివరికి పదమూడు, మూడు దొరికాయి. కలిపితే పదహారు. మూడు పదహార్లు నలభై ఎనిమిది! ఇంత నున్నగా తెగిన లెక్క తాతకే తట్టలేదని మురిసిపోయింది. ఇంట్లో ఒంటరిగా వాయించి చూస్తే చక్కగా సమానికి, తాళం మొదటి దెబ్బకు, వచ్చింది.

ఇప్పుడు అదే వాయించింది. మూడో జతి చివరి దెబ్బ పడింది. ఆ దెబ్బ మీదే పాట ఎత్తుకోవడం పెదనాన్న అలవాటు. ఎత్తుకున్నాడు. ముందు వరసలో తాళం వేస్తున్న రసికుల అరచేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే తాత తాళాలు ఖణీల్మన్నాయి. పాట సాగిపోయింది.

"ఏం కలియపెరుమాళయ్యా, తాళానికి తొందరొచ్చిందా? ఇంటి దగ్గర సాంబారు చల్లారిపోతోందా?" అన్నాడు ఆ వరసలోనే ఉన్న అరటాకులమ్మే గోవిందరాసు. అందరూ గొల్లుమన్నారు. "పిల్ల బాగా వాయించింది, ముసలాయనే తప్పాడు" అన్నారెవరో.

తేరు కదిలింది. శింగారవేలు తండ్రి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నాన్నా, ఊరంతా నవ్వింది. రేపట్నుంచి నువ్వు ఇంటి పట్టునే ఉండు. తాళాలు ఇంకెవరికైనా ఇస్తాను."

తాత తాళాల తాడును వేలికి చుట్టుకుంటూ నడిచాడు.

తేన్మొళి ఆయన పక్కకు చేరింది. "తాతా, నువ్వెందుకు ముందే కొట్టావు?"

"మరి నువ్వు ముందే ముగించావుగా! జతికీ జతికీ మధ్యలోనే ఆగుతాం తల్లీ. మూడు జతులకు మధ్యలు ఎన్ని?"

"రెం..." ఆమె నోట మాట ఆగిపోయింది. ఇంట్లో మూడో జతి తర్వాత కూడా తను మూడు మాత్రలు ఊరికే ఆగింది. ఆ ఆగడాన్ని కూడా లెక్కలో కలిపేసుకుంది. మొత్తం నలభై అయిదే. మూడు తక్కువ. చెవులు భగ్గుమన్నాయి. తాతకు తట్టలేదని మురిసిన లెక్క!

"పెదనాన్నకు చెప్పేస్తాను."

"నోరు మూసుకో. తప్పు నామీద పడితే నాలుగు రోజులు నవ్వుతారు. నీమీద పడితే ఆడపిల్లకు డోలెందుకంటారు. మళ్ళీ నీ భుజానికి ఎక్కనివ్వరు."

తను తప్పు చేస్తే మెప్పు, తాత కాపాడితే ఎగతాళి. తల ఎత్తి ఎవరి మొహమూ చూడలేకపోయింది. ఎవరో అరటిపండు ఇవ్వబోతే చెయ్యి చాపలేదు. పెదనాన్నకు చెబుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళింది. రెండుసార్లూ వెనక్కి వచ్చేసింది. చిన్నప్పట్నుంచీ ఆయన ముందు అంతే.

రెండో మలుపులో తేరు ఆగింది. శింగారవేలు మళ్ళీ తల ఊపాడు.

తేన్మొళి తాత వైపు వంగింది. "తాతా, ఈసారి నాకోసం తాళం జరిపితే డోలు ఇక్కడే దించేస్తాను. ఒట్టు."

ఆయన ఆమె మొహంలోకి చూసి తాళం మొదలుపెట్టాడు.

అదే ముక్తాయింపు. పదమూడు, ఆగింది. పదమూడు, ఆగింది. పదమూడు. చివరి దెబ్బ పడింది. పెదనాన్న పాట ఎత్తుకొని, తాళం వినబడక తడబడి ఆపేశాడు. గోవిందరాసు చెయ్యి గాలిలో వేలాడింది. మూడు మాత్రలు ఖాళీగా గడిచాయి. అప్పుడు, రావలసిన చోట, తాత తాళం ఒంటరిగా ఖణీల్మంది.

ఒక్క నవ్వు కూడా వినబడలేదు. నవ్వినా బాగుండేదనిపించింది తేన్మొళికి. అందరి కళ్ళూ డోలు మీదికి, దాని వెనకున్న ఆమె మీదికి తిరిగాయి. కాళ్ళ కింద నేల చీలితే బాగుండును.

"ఇందాక కూడా ఇదేనా?" అడిగాడు పెదనాన్న.

తేన్మొళి తల ఊపింది. డోలు దించడానికి భుజం పట్టీ మీద చెయ్యి వేసింది.

శింగారవేలు ఆమెను చూడలేదు. తండ్రి చేతుల్లోని తాళాలనే చాలాసేపు చూశాడు. తర్వాత నాదస్వరం పెదాలకు ఆనించుకొని, ఆమె ముక్తాయింపు కోసం కాచుకున్నాడు.

"పట్టీ వదులు" అన్నాడు తాత. తాళం ఆగలేదు. "పద్నాలుగు."

చెవులు ఇంకా మండుతుండగానే తేన్మొళి కర్ర ఎత్తింది.