పెన్‌డ్రైవ్‌లో వచ్చిన జింకు ఫైలు

"మూడు బ్యాచులను ముంచింది మీరే సార్! జింకు ఫైలు మీద పీబీఈ అని రాసే ఉంది. గది చూడకుంట దాంతోనే హైబ్రిడ్ లెక్కలు నడిపిచ్చిండ్రు!"

జగిత్యాల కాలేజీ ల్యాబులో అఖిల అరుపుకు సంపత్ సారు చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. తన దగ్గర పరిశోధన చేస్తున్న ఈ సిరిసిల్ల పిల్లకు నోరెక్కువని ఆయనకు తెలుసు. సాయంత్రం పత్రికకు పంపాల్సిన పరిశోధన పేపరులో మొదటి పేరు ఆమెదే. తప్పు పోతే ఆమె పేరు మీదే పోతుంది.

ఇందులో బ్రహ్మరహస్యం లేదు. పరమాణువు లోపలి ఎలక్ట్రాన్లన్నిటినీ లెక్కించడం ల్యాబు కంప్యూటర్లు మోయలేని బరువు. అందుకే వాటి ప్రభావాన్ని ముందే ఒక ఫైలులో కట్టి పెడతారు. దాని పేరు సూడోపొటెన్షియల్. ఏ పద్ధతితో కట్టారో బయటి ఎలక్ట్రాన్లకూ అదే పద్ధతి వాడాలి. ఇక్కడ లోపల పీబీఈ అనే సులువు పద్ధతి, బయట హైబ్రిడ్ అనే మరింత కచ్చితమైన పద్ధతి. దాంతో బ్యాండ్ గ్యాప్, అంటే కరెంటు పారాలంటే ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం, తప్పుగా రావచ్చు. కోరుట్ల నవీన్ చదువు ముగించి పోతూ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డరు ఇచ్చాడు. తర్వాతి వాళ్లు కాపీ చేసుకున్నారు. తెరిచి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు.

"లోకమంతా గట్లనే చేస్తది బిడ్డా," అన్నాడు సారు. "హైబ్రిడ్‌కు కట్టిన ఫైళ్లు ఎక్కడ దొరుకుతయ్? అయినా మన బ్యాండ్ గ్యాప్ ప్రయోగంతోని అచ్చం కలిసింది గద!"

"గదే నా భయం. లోపలి ఎలక్ట్రాన్లను సుత కలిపి చిన్న స్ఫటికానికి లెక్క చేసిన. నాలుగు రోజులు పట్టింది. గ్యాప్ సున్నా పాయింట్ రెండు ఎలక్ట్రాన్ వోల్టులు జరిగింది. ఫైలుది ఒకటి, పద్ధతిది ఒకటి, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే మనకు నిజమనిపిచ్చింది సార్."

ఆమె నవీన్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి, సారు ఎదుటే ఉన్నాడని చెప్పి ఫైలు సంగతి వివరించింది. కోరుట్లలో అతనికి లెక్చరర్ ఉద్యోగం తెచ్చింది ఆ ఫోల్డరుతో అచ్చయిన పేపరే.

"ఏందే, నా పేపర్ మీద మన్ను పోస్తవా?"

"అన్నా, గా జింకు ఫైలు నువ్వు తెరిచినవా?"

"లేదే. నాకు సుత గట్లనే ఇచ్చిండ్రు."

"ఎవలు?"

"నీ ముందల కూసున్నాయననే అడుగు."

సారు గ్లాసు కింద పెట్టాడు. అఖిల ఇంకో కుర్చీని కంప్యూటర్ ముందుకు లాగింది.

"పేపర్ ఇయ్యాల పోదు సార్. పోతే నా పేరు తీసేసి పంపుండ్రి. హైబ్రిడ్‌కు సరిపోయే ఫైలు మనమే కడదాం, లెక్కలన్ని మళ్ల నడుపుదాం. ఏ ఫైలు వాడినమో పేపర్ల పేరుతోని రాద్దాం. నవీనన్న పేపర్‌కు సవరణ మాత్రం మీరే రాయాలె. రాండ్రి, గిప్పుడే మొదలువెట్టుండ్రి."