ఎర్ర గీత కింది స్వరం

నేను ఒక పాట కాగితాన్ని. నాలో ఉన్నది మొత్తం పాట కాదు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో కట్టిన ఒక భక్తిగీతంలో, ఆడవాళ్ల కింది గొంతుకు ఉద్దేశించిన ఆల్టో వరస మాత్రమే. మిగతా మూడు వరసలు వేరే చేతుల్లో ఉంటాయి. అందరూ నోరు తెరిచేదాకా నేను దేనిలో భాగమో నాకే తెలియదు.

బందరు మిషను బడి దొరసాని స్వదేశం వెళ్లిపోతుంటే, ఆమె అచ్చు ప్రతిని తిరిగిచ్చే మాట మీద అడిగి తెచ్చుకుని కరుణావతి ఒక్క మధ్యాహ్నంలో నన్ను రాసింది. మన సరిగమల్లాంటి డో రే మీ అక్షరాలు, నీలి సిరా.

ఆమె భర్త యేసుపాదం మాస్టారు బడిలో లెక్కలు చెప్పేవారు, చర్చిలో బేస్, అంటే మగవాళ్ల కింది గొంతు, పాడేవారు. మొదటి సాధనలోనే ఆయన ఆగిపోయారు. ఆయన 'సో' అనే స్వరం పట్టుకుని నిలబడే చోట, నాలో దాన్ని ఆనుకుని అర మెట్టు కింద ఉండే 'ఫి' ఉంది. రెండూ గరుకుగా ఒరుసుకున్నాయి.

"తప్పు రాశావు కరుణా."

"అచ్చులో అలాగే ఉందండీ."

"ఏదీ ఆ అచ్చు? ఓడెక్కిపోయిందిగా."

అందరూ నవ్వారు. మాస్టారు ఎర్ర కలంతో 'ఫి' కొట్టేసి పైన 'సో' రాశారు. పరీక్ష పేపర్లు దిద్దే చెయ్యి కదా, గీత నిటారుగా పడింది. చెవికి నచ్చనిదాన్ని మనుషులు తప్పంటారని నాకు అప్పుడే తెలిసింది. ఆమె మరి వాదించలేదు. పందొమ్మిదేళ్లు ఆయన దిద్దినట్టే పాడింది. ఆ తర్వాత ఒక జూలైలో, జ్వరంతో పోయింది.

జ్ఞాపకార్థ కూడికలో ఆ పాటే పాడాలనుకున్నారు. చర్చి పాటల బృందం, క్వయర్, నడిపే ఎలీషా గారు మద్రాసు నుంచి అచ్చు ప్రతి తెప్పించి, నన్ను పక్కన పెట్టుకుని చూశారు.

"మాస్టారూ, అమ్మగారు రాసిందే సరైందండి. ఎవరో కొట్టేశారు."

"నేనే," అన్నారు మాస్టారు.

ఎలీషా గారు అచ్చు ప్రతి మూశారు. "పోనీ అలవాటైనట్టే పాడేద్దామా? ఆ స్వరం పక్కన బేస్ నిలబడటం కష్టం."

"ఆవిడ రాసినట్టే పాడాలండి. ఒక్కసారి కూడా పాడనివ్వలేదు నేను."

సాధనలో మూడుసార్లూ, 'ఫి' రాగానే మాస్టారి గొంతు బెదిరి జారిపోయింది. నన్ను పట్టుకున్నది కరుణావతి చెల్లెలు సలోమి. "జరక్కండి బావా, నేనేం కరవనుగా," అంది. ఆయన నవ్వబోయి తల దించుకున్నారు.

కూడిక రోజున ఆర్గను లేకుండానే పాట మొదలైంది. ఎక్కడా తొందరపడని, గొంతు పెంచని పాట అది. ఒక స్వరం మీద ఇంకో స్వరం, రాయి మీద రాయి పెట్టినంత జాగ్రత్తగా లేచింది. ఆ చోటు వచ్చింది. సలోమి 'ఫి' అందుకుంది. ఆ ఒరిపిడికి నా అంచులు అదిరాయి. ఆ నొప్పిని పాట కట్టిన మనిషి తెలిసే అక్కడ పెట్టాడని, అది అంత నిండుగా ఉంటుందని, ఇన్నేళ్లు ఒంటి మీద మోసిన నాకే తెలియదు. ఆ తర్వాత 'ఫి' మెల్లగా పైకి లేచి 'సో'లో కలిసింది. చర్చి కప్పు ఇంకా ఎత్తుకు వెళ్లినట్టనిపించింది.

ఆ నాలుగు మాత్రల సేపూ మాస్టారు జరగలేదు. ఆమె స్వరం పక్కనే నిలబడి, తన స్వరాన్ని పట్టుకుని ఉన్నారు.